ఉబ్బిన ఇనుము

స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగిన ప్రతిసారీ ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుమని ఒక చప్పుడు. నర్సంపేట నుంచి గూడూరు దాకా ఎన్ని స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయో ఆ చప్పుడే నాకు లెక్క నేర్పింది. మా అక్క కొడుకు ట్రాక్టర్లు బాగుచేస్తాడు. వాడు కారు మూల మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కి వదిలాడు. మంచి కారైతే ఒకసారి లేచి నిలబడిపోవాలి. ఇది ఉయ్యాలలా మూడుసార్లు ఊగింది.

"షాకప్ పోయింది మామా. తీసి కొత్తది ఏసుడే."

"ఎంతసేపు పడుతది?"

"గంట."

ఆ గంట మూడు రోజులు సాగింది. ఈ అధ్యాయమంతా ఆ మూడు రోజుల కథే.

ముందు ఆ వస్తువేమిటో చెప్పాలి. ముందు చక్రం పక్కన నిలువుగా ఉండే లావుపాటి గొట్టం, దాని చుట్టూ స్ప్రింగు. స్ప్రింగు గుంతల దెబ్బను మింగుతుంది. లోపలి నూనె, సన్నని రంధ్రాల గుండా అటూ ఇటూ నలిగి, ఆ ఊపును వేడిగా మార్చి చల్లారుస్తుంది. ఇవి రెండూ అందరికీ తెలిసినవే. మూడో పని చాలామంది గమనించరు. ఆ గొట్టమే చక్రాన్ని నిటారుగా పట్టుకునే స్తంభం. స్టీరింగు తిప్పితే చక్రంతోపాటు తన చుట్టూ తాను తిరిగే ఇరుసు కూడా అదే. పాత అంబాసిడర్ కారులో ఈ పనులు వేరువేరు భాగాలు చేసేవి. అక్కడ స్ప్రింగుకు బదులు మెలితిరిగే పొడవాటి ఉక్కు కడ్డీలు ఉండేవి. అన్నీ ఒకే గొట్టంలో ఇమిడ్చిన ఏర్పాటు ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు పేరు మీద చెలామణీ అవుతోంది. 1940ల్లో జనరల్ మోటార్స్‌లో ఒక చౌక చిన్న కారు కోసం ఆయన దీన్ని రూపొందించాడు. ఆ కారు అంగడికి రానేలేదు. ఆయన ఫోర్డ్ కంపెనీకి మారాడు. 1950లో ఇంగ్లండులో చూపించిన ఫోర్డ్ కాన్సుల్, జెఫిర్ కార్లతో ఈ స్తంభం నిలదొక్కుకుంది. మన దేశంలో మధ్యతరగతి ఇళ్ల ముందుకు దాన్ని తెచ్చింది 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800.

ఈ స్తంభం అడుగు భాగం చక్రాన్ని మోసే పోత ఇనుప ముక్కకు బిగించి ఉంటుంది. దాన్ని మెకానిక్కులు నకిల్ అంటారు. బిగింపులో రెండు పద్ధతులు. మారుతి 800 లాంటి వాటిలో రెండు చెవుల మధ్య నకిల్‌ను పెట్టి రెండు బోల్టులు దూరుస్తారు. బోల్టులు వస్తే పని అయినట్టే. రెండో పద్ధతిలో నకిల్‌కే ఒక గుండ్రటి బొర్ర ఉంటుంది, దానికి నిలువుగా ఒక చీలిక. గొట్టాన్ని ఆ బొర్రలోకి దింపి, చీలికకు అడ్డంగా ఒకే బోల్టు బిగిస్తే బొర్ర గొట్టాన్ని పిడికిలిలా పట్టుకుంటుంది. ఫోర్డ్ ఫిగో, ఫోక్స్‌వాగన్ పోలో వంటి కార్లలో ఈ తరహా కనిపిస్తుంది. నా కారుదీ ఈ పిడికిలి పద్ధతే. బోల్టు తీసేస్తే పిడికిలి వదలాలి. వదల్లేదు.

కారు ఎవరు చేసినా ఇందులో తప్పు వాళ్లది కాదు కనుక పేరు అక్కర్లేదు. పుట్టి పదిహేనేళ్లయింది. అందులో ఎనిమిదేళ్లు విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా మా బంధువుల ఇంట్లో ఉంది. ఉప్పుగాలి తిని మా ఊరొచ్చింది. ఇక్కడికి వచ్చాక ఆ చీలికలో ఎర్రమట్టి కూరుకుంది. వానాకాలమంతా ఆ మట్టి తడి బట్టలా పనిచేసి ఉంటుంది. ఉప్పు అక్కడిది, తడి ఇక్కడిది.

మొదటి రోజు జాకీ ఎత్తడంతోనే సగం పొద్దు గడిచింది. మా వాకిలి మట్టి నేల. జాకీ కింద మందపాటి చెక్క పెట్టాం. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డుపెట్టాం. ఇనుప స్టాండు మీదికి బరువు దింపాకే చక్రం విప్పాం. స్టాండు బదులు ఇటుకలు పేర్చే అలవాటు మా వైపు ఉంది. దయచేసి వద్దు. ఇటుక పగిలేముందు చెప్పి పగలదు. తర్వాత బ్రేకు గొట్టాన్ని పట్టుకున్న క్లిప్పు, చక్రం వేగం చూసే తీగ, పక్కనున్న సన్నటి లింకు కడ్డీ విప్పాం. చివరికి ఆ బోల్టు. నట్టు సులువుగానే వచ్చింది, బోల్టు మాత్రం చీలికకు అటూ ఇటూ ఉన్న నకిల్ చెవుల్లో పాతుకుపోయింది. దాన్ని బయటికి తేవడానికి సాయంత్రమైంది. ఆ పైన నకిల్ మీద ఎంత బరువు వేసి కిందికి నొక్కినా గొట్టం జారలేదు. నేను సుత్తి ఎత్తాను. వాడు చెయ్యి పట్టుకున్నాడు.

"గట్ల కొడితె చెవి ఇరుగుతది మామా. జంగు పట్టింది. నూనె తాగనియ్యి, పొద్దుగాల సూద్దాం."

జంగు పట్టడం అంటే ఏమిటి? మనకు అతుక్కుపోవడం అనిపిస్తుంది, బంక పెట్టినట్టు. నిజానికి జరిగేది అది కాదు. ఇనుము ఉబ్బుతుంది. ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఆక్సైడ్ అయితే, అంతే ఇనుము రెండింతలకు పైగా జాగా ఆక్రమిస్తుంది. నీటిని కూడా కలుపుకున్న తుప్పయితే మూడింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 1923లో పిల్లింగ్, బెడ్‌వర్త్ అనే ఇద్దరు లోహం ఘనపరిమాణానికీ దాని ఆక్సైడ్ ఘనపరిమాణానికీ ఉన్న నిష్పత్తిని ఒక కొలతగా స్థిరపరిచారు. మామూలు ఎర్ర ఆక్సైడ్‌కు ఆ నిష్పత్తి 2.1 చిల్లర. గొట్టానికీ బొర్రకూ మధ్య సందు వెంట్రుకంత. రెండు గోడలూ ఉబ్బితే ఆ సందు నిండుతుంది. నిండాక కూడా ఉబ్బడం ఆగదు, కాబట్టి గోడలనే నెడుతుంది. బోల్టు వదిలినా పిడికిలి వదలకపోవడానికి కారణం ఇదే. చెయ్యి తెరుచుకుంది, లోపలి వస్తువే లావెక్కింది.

ఇది చూడటానికి కారు విప్పనక్కర్లేదు, తల ఎత్తితే చాలు. పాత స్లాబు ఇళ్లలో పెచ్చులూడటం ఇదే. లోపలి ఇనుప చువ్వ తుప్పుపట్టి ఉబ్బి, తన మీదున్న కాంక్రీటును తోసి పడేస్తుంది. ఏథెన్స్‌లోని పార్థినాన్‌కు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మరమ్మతు చేసినవాళ్లు పాలరాళ్లను ఇనుప పట్టీలతో కలిపారు. అవి ఉబ్బి రాళ్లను చీల్చాయి. తర్వాతి తరం వాళ్లు వాటిని పీకి టైటానియం పట్టీలు వేయాల్సి వచ్చింది. అసలు కట్టిన ప్రాచీన గ్రీకులు తమ ఇనుప పట్టీల చుట్టూ సీసం పోసి గాలి చొరబడకుండా చేశారు. రెండున్నర వేల ఏళ్ల కిందటి మేస్త్రీకి తెలిసిన సంగతి మధ్యలో ఎవరో మరిచిపోయారన్నమాట.

ఇక్కడ ఒక వింత ఉంది. తుప్పుకు ఆక్సిజన్ కావాలని బడిలో చెబుతాం. అలాగైతే గాలి బాగా తగిలే చోట ఎక్కువ తుప్పు పట్టాలి, బిగుతుగా మూసి ఉన్న బొర్ర లోపల తక్కువ పట్టాలి. జరిగేది తలకిందులు. కేంబ్రిడ్జిలో ఉలిక్ ఎవాన్స్ 1920ల్లో ఈ చిక్కుముడి విప్పాడు. ఆయన ప్రయోగం మీరూ చేయొచ్చు. తళతళలాడేలా గీకిన ఇనుప రేకు మీద ఒక్క చుక్క ఉప్పునీరు వేసి ఓపికపట్టండి. చుక్క అంచున గాలి అందుతుంది, నడిమధ్యన అందదు. ఇనుము కరిగి గుంతపడేది నడిమధ్యనే. అంచున ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది, మధ్యనున్న ఇనుము వాటిని సమర్పించుకుంటుంది. రెండూ కలిసే చోట గోధుమరంగు వలయం ఏర్పడుతుంది. అంటే ఒక చిన్న బ్యాటరీ. గాలి తినేది ఒకరు, అరిగేది మరొకరు. నా కారులో అంచు చీలిక దగ్గరుంది, నడిమధ్య బొర్ర లోపల ఉంది. ఎర్రమట్టి ఆ చుక్కను ఆరనివ్వలేదు. ఉప్పు ఆ నీటిలో కరెంటు సులువుగా పారేలా చేసింది.

ఎర్రమట్టి గురించి ఇంకో మాట. మా చెలక నేలలు ఎర్రగా ఉన్నది ఇనుప ఆక్సైడ్ వల్లే. పక్కనే బయ్యారం కొండల్లో ఉన్నది కూడా ఇనుప ఖనిజమే. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో ఒక వాక్యం ఉంది. ఖమ్మం జిల్లాలో సమగ్ర ఉక్కు కర్మాగారం పెట్టే వీలుందో లేదో ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ 6 నెలల్లో పరిశీలించాలన్నది దాని సారాంశం. అప్పుడు ఖమ్మంలో ఉన్న బయ్యారం 2016లో మానుకోట జిల్లాలోకి వచ్చింది. కర్మాగారం మాత్రం ఏ జిల్లాలోకీ రాలేదు. ఖనిజాన్ని ఉక్కు చేసే కార్ఖానా కోసం మేం ఎదురుచూస్తుంటే, ఉక్కును తిరిగి ఖనిజం చేసే కార్ఖానా ఏ చట్టమూ లేకుండా నా కారు కింద మూడు పొద్దులూ నడిచింది.

సరే, ఉబ్బినదాన్ని ఎలా తీయాలి? ఇనుము ఉబ్బిందని తెలిశాక ఆలోచన మారుతుంది. బలంతో లాగడం కాదు, సందు చేయడం. వాడు చేసిన ప్రతి పనీ ఏదో ఒక రకంగా సందు చేసేదే. వాడు దాన్ని ఆ మాటల్లో చెప్పడు, అంతే.

మొదటిది నూనె. సన్నటి సందులోకి ద్రవం తనంతట తానే పాకుతుంది. దీపం వత్తి నూనె పీల్చినట్టు. సందు ఎంత సన్నగా ఉంటే లాగే పీడనం అంత ఎక్కువ. అయితే పాకుతున్న కొద్దీ వెనక ఉన్న ద్రవమంతా గోడలకు రాసుకుంటూ రావాలి కాబట్టి వేగం తగ్గుతుంది. లెక్క ప్రకారం నాలుగింతల సమయం ఇస్తే రెండింతల లోతు మాత్రమే దిగుతుంది. మొదటి 5 మిల్లీమీటర్లు గంటలో దిగిందనుకుందాం. 10 మిల్లీమీటర్లకు 4 గంటలు, 30 మిల్లీమీటర్లకు 36 గంటలు. మా బొర్ర లోతు సుమారు 60 మిల్లీమీటర్లు. పైనుంచీ కిందినుంచీ పోస్తే ఒక్కో వైపు 30. "పొద్దుగాల సూద్దాం" అన్న మాటలో ఉన్న గణితం ఇది. డబ్బాలో వచ్చే డబ్ల్యూడీ-40 వాడాం. అయిపోయాక డీజిల్ వాడాం. 1953లో అమెరికాలో క్షిపణుల తొడుగుకు తుప్పు పట్టకుండా నీటిని తరిమే ద్రవం కోసం వెతుకుతూ, 40వ ప్రయత్నంలో కుదిరిన మిశ్రమం కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. పుట్టింది తుప్పు రాకుండా ఆపడానికి, మనం వాడేది వచ్చిన తుప్పును వదిలించడానికి. ఏది పోసినా బ్రేకు డిస్కుకు మాత్రం పాలిథిన్ సంచి తొడగాలి. దాని మీద నూనె పడితే చప్పుడు పోయినా కారు ఆగదు.

నూనెకు ఒక బలహీనత ఉంది. సందు ఉంటేనే పాకుతుంది. తుప్పు గట్టిపడి పూర్తిగా మూసేసిన చోట దానికి దారి లేదు. అందుకే మధ్యమధ్య తట్టాలి. తుప్పు ఇనుములా సాగదు, పెంకులా పగులుతుంది. కిలో సుత్తి సెకనుకు 5 మీటర్ల వేగంతో వచ్చి సెకనులో వెయ్యోవంతులో ఆగిందంటే ఆ క్షణాన అది వేసే బలం సుమారు 5,000 న్యూటన్లు, అంటే అర టన్ను బరువు. నేను ఎంత గింజుకున్నా అంత నొక్కలేను. ఆ దెబ్బ ఎక్కడ పడాలన్నదే పనితనం. వాడు నకిల్ చెవి ఒక పక్కన బరువైన సుత్తి ఆనించి రెండో పక్కన చిన్న సుత్తితో టకటకా తట్టాడు. చెవి వంగలేదు, దెబ్బ లోపలికి పోయింది. సన్నటి ఎర్రపొడి రాలింది. మళ్లీ నూనె. మళ్లీ టకటక. రెండో రోజంతా ఇదే. ఇంటావిడ ఒకసారి బయటికొచ్చి, "ఈ రెండు దినాలకు ఆటోకిచ్చిన పైసలు లెక్క రాస్తున్న" అని లోపలికి వెళ్లింది.

రెండోది శానం. చీలికలోకి శానం దింపి కొడితే అది పచ్చరలా పనిచేస్తుంది. 8 మిల్లీమీటర్లు దిగితే 1 మిల్లీమీటరు తెరుచుకునే ఏటవాలు అనుకుంటే, రాపిడి తీసేశాక కూడా బలం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. ఈ పనికే చేసిన పరికరం ఒకటి అమ్ముతారు. కోడిగుడ్డు ఆకారపు మొన, సన్నవైపు చీలికలోకి దూర్చి పానాతో పావు చుట్టు తిప్పితే లావువైపు అడ్డం తిరిగి చీలికను తెరుస్తుంది. అది ఉంటే సుఖం. పోత ఇనుము సాగదని మాత్రం గుర్తుండాలి. మిల్లీమీటరు తెరుచుకుంటే చాలు, అత్యాశకు పోతే చెవి ఊడుతుంది. అప్పుడు నకిల్ మొత్తం కొనాలి.

మూడోది వేడి. దీన్ని మన ఊళ్లకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చిన్నప్పుడు మా ఇంటి వెనకే చూశాను. చక్రం కన్నా కాస్త చిన్నగా పట్టా చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు, పట్టుకార్లతో ఎత్తి చక్రం మీద వేస్తారు, నీళ్లు గుమ్మరిస్తారు. ఆవిరి పొగలో చక్రం కీళ్లన్నీ కటకటమంటూ బిగుసుకునేవి. ఉక్కు ప్రతి డిగ్రీకీ తన పొడవులో లక్షలో 1.2 వంతు పెరుగుతుంది. చుట్టుకొలత 4.4 మీటర్ల పట్టాను 500 డిగ్రీలు వేడిచేస్తే 26 మిల్లీమీటర్లు సాగుతుంది, రెండు వేళ్ల వెడల్పుకు కొంచెం తక్కువ. మా బొర్ర వ్యాసం 50 మిల్లీమీటర్లు. 150 డిగ్రీలు పెంచినా పెరిగేది 0.09 మిల్లీమీటర్లే. తుప్పు పొరను పగలగొట్టడానికి అది చాలు. కానీ మంట పెట్టవలసింది దేని పక్కన? లోపల నూనె, ఒత్తిడితో నింపిన వాయువు ఉన్న మూసిన గొట్టం పక్కన. దగ్గరే బ్రేకు గొట్టం, బేరింగు గ్రీజు, రబ్బరు తొడుగులు. పైగా రెండు రోజులుగా డీజిల్ పోసిన చోట. గ్యాస్ కట్టర్ తెస్తానన్న పక్కింటాయనకు దండం పెట్టి పంపించాం. సల సల కాగిన నీళ్లు ఒక బిందెడు బొర్ర మీద మాత్రమే పోశాం. 70 డిగ్రీల పెరుగుదలకు 0.04 మిల్లీమీటర్లు. లోపలి గొట్టం వేడెక్కే లోపు దక్కే లాభం అంతే. కాదనడానికి లేదు.

మూడో రోజు పొద్దున వాడు బోరుబావి పనికి వాడే పెద్ద పైపు పానా తెచ్చాడు. దానికి మీటరు గొట్టం తొడిగాడు. పాత షాకప్ ఎలాగూ పారేసేదే కాబట్టి దాని నడుము పట్టుకున్నాడు. పైన బానెట్ కింద ఉన్న మూడు నట్లు వదులు చేశాడు, తీసేయలేదు.

"గుంజుడు కాదు మామా, తిప్పుడు. గూటం ఎట్ల పీకుతరు?"

పశువుల్ని కట్టేసిన గూటాన్ని ఎవరూ నేరుగా పైకి లాగరు. అటూ ఇటూ తిప్పి, వదులైనాక పీకుతారు. ఇందులో ఉన్న భౌతికశాస్త్రం ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పినా నాకు ఇంత బాగా అర్థం కాలేదు. రాపిడి బలం ఎప్పుడూ కదలికకు ఎదురుదిశలోనే ఉంటుంది. వస్తువు గుండ్రంగా తిరుగుతుంటే రాపిడి అంతా ఆ తిరుగుడును ఆపే పనిలో పడుతుంది. అప్పుడు పొడవునా లాగితే అడ్డుకోవడానికి దాని దగ్గర మిగిలేది కొంచెమే. బిగుసుకున్న సీసా బిరడాను తిప్పుతూ లాగితే వచ్చేదీ అందుకే. ఇక బలం లెక్క. మీటరు పొడవు గొట్టం చివర 40 కిలోల బరువుతో నొక్కితే, 25 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దగ్గర అది 40 రెట్లయి 1.6 టన్నులవుతుంది. కొన్ని కార్లలో గొట్టం వెనక చీలికలో కూర్చునే చిన్న రెక్క ఉంటుంది. మాదానికీ ఉంది. కాబట్టి పూర్తిగా తిరగదు. వెంట్రుకవాసి అటూ ఇటూ ఆడితే చాలు, తుప్పు పొర పొడి అవుతుంది.

నాలుగోసారికి కిర్రుమంది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆరోసారికి పొడి నూనెలో కలిసి ఎర్రటి జావలా కారింది. వాడు నకిల్‌ను కిందినుంచి పట్టుకునే ఆర్మ్ మీద పొడుగాటి పైపు అడ్డంపెట్టి నొక్కాడు. నేను గొట్టాన్ని ఆడిస్తూ ఉన్నాను. వేలెడంత జారింది. తర్వాత జారుతూనే ఉంది. నకిల్ వేలాడకుండా తీగతో కట్టేశాం. లేకపోతే దాని బరువంతా బ్రేకు గొట్టం మీదా, ఇంజను నుంచి వచ్చే ఇరుసు కీలు మీదా పడుతుంది. నేను కింద పట్టుకుంటే వాడు పైనున్న మూడు నట్లూ తీశాడు.

ఆ మూడు నట్ల మధ్యలో నాలుగోది ఒకటి ఉంటుంది. కారు మీద ఉన్నా, కింద పెట్టినా, స్ప్రింగు నొక్కి ఉన్నంతసేపూ దాన్ని ముట్టకూడదు. మీటరుకు 20,000 న్యూటన్ల గట్టిదనం ఉన్న స్ప్రింగు 15 సెంటీమీటర్లు నొక్కి ఉంటే దానిలో దాగిన శక్తి 225 జౌళ్లు. 45 కిలోల యూరియా బస్తాను అర మీటరు ఎత్తు నుంచి పడేసినంత. బస్తా మెత్తగా నేల మీద పడుతుంది. నట్టు, దాని పైన ఉన్న ఇనుప పళ్లెం ముఖం మీదికి వస్తాయి. ఇంట్లో చేసే పనికి గీత అక్కడ గీశాను. షాకప్‌ను డిక్కీలో కాదు, బస్సులో కూడా కాదు, మా వాడి ట్రాక్టరు ట్రాలీలో మానుకోట తీసుకెళ్లి, స్ప్రింగును పట్టి నొక్కే యంత్రం ఉన్న షాపులో కొత్త గొట్టానికి వేయించుకొచ్చాం.

బిగించడం నిజంగానే గంట పని. బొర్ర లోపల తీగ బ్రష్షుతో, ఎమెరీ కాగితంతో రుద్ది, పలుచగా గ్రీజు రాశాం. గాలీ నీరూ చొరకుండా ఆ పలుచని పొర చేసే పని పాత గ్రీకుల సీసం పనే. పాత బోల్టు పారేసి కొత్తది వేశాం. బయల్దేరే ముందు బ్రేకు పెడల్ నాలుగుసార్లు తొక్కి చూశాం. తర్వాతి వారం వరంగల్‌లో చక్రాల అలైన్‌మెంట్ చేయించాను. నర్సంపేట దారిలో స్పీడ్ బ్రేకర్ల లెక్క అప్పటి నుంచి తప్పుతోంది.

కారు కింద రాలిన పెచ్చులను పోగుచేశాను. మా వాడి కొడుకు, మూడో తరగతి, పాత స్పీకరు అయస్కాంతం పట్టుకొచ్చాడు. ఎర్రపొడి దానికి పెద్దగా అంటలేదు. లోపలి పొర నుంచి వచ్చిన నల్లటి పెచ్చులు మాత్రం టపటపా అంటుకున్నాయి. గాలి తక్కువైన చోట తయారయ్యే నల్ల ఆక్సైడ్, మాగ్నటైట్ అది. ఎవాన్స్ చుక్కలో నడిమధ్య సంగతి వాడికెలా చెప్పాలా అని నేను ఆలోచిస్తుండగానే వాడు అయస్కాంతాన్ని వాకిట్లో వాననీళ్లు పారిన ఇసుక మీదుగా లాక్కుంటూ పోయాడు. తిరిగొచ్చేసరికి దానికి నల్లటి రేణువుల మీసం మొలిచింది.

"తాతా, ఇది కార్లకెళ్లి పడ్డదా, గీడనే ఉన్నదా?"

రెండూ కలిపి నా అరచేతిలో పోశాడు. చాలాసేపు చూశాను, వేరు చేయలేకపోయాను.